ఏ అలీ? ఏ టైసన్? ఎన్ని రౌండ్లు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే పాట: ఆ కాలపు హెవీవెయిట్ బాక్సింగ్ చాంపియన్, ఈ కాలపు చాంపియన్ ఎదురుపడితే ఎవరు గెలుస్తారు? కొన్నిటిని ఏరి జవాబులిస్తున్నాం. బరువులు కిలోల్లోకి మార్చాం. బాక్సర్ల వివరాల్లో ‘రీచ్’ అని కనిపించేది మన బారే. రెండు చేతులూ బార్లా చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు ఉండే కొలత అది. రింగులో ఎత్తుకన్నా ఇదే ఎక్కువ అక్కరకొస్తుంది.

ప్రశ్న: మహమ్మద్ అలీ, మైక్ టైసన్ తలపడితే గెలిచేదెవరు? మా టీ కొట్టు దగ్గర 500 రూపాయల పందెం నడుస్తోంది. అటూ ఇటూ కాకుండా తేల్చి చెప్పండి. (ఏలూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: డబ్బు మధ్యవర్తి చేతిలో పెట్టే ముందు మూడు సంగతులు కాగితం మీద రాసుకోండి. ఏ ఏటి అలీ, ఏ ఏటి టైసన్? ఎన్ని రౌండ్లు? రిఫరీ క్లించ్‌ను (ఎదుటివాణ్ని కావిలించి పట్టేయడాన్ని) ఎంతసేపు సహిస్తాడు? ఈ మూడూ తేలకుండా కాసిన పందెం ఎన్నటికీ తెగదు.

1966 నవంబర్ 14న హ్యూస్టన్‌లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ను మూడో రౌండులో ముగించిన అలీ ఒకడు. 1980 అక్టోబర్ 2న లారీ హోమ్స్ ముందు పది రౌండ్లు దెబ్బలు తిని, కార్నర్‌లో ఉన్న అతని సొంత మనుషులే పోటీ ఆపేస్తే కుర్చీలో కూలబడిన అలీ ఇంకొకడు. టైసన్ కూడా అంతే. 1988 జూన్ 27న మైకేల్ స్పింక్స్‌ను 91 సెకన్లలో పడగొట్టినవాణ్ని తీసుకోవాలి గానీ, 2002లో లెనాక్స్ లూయిస్ చేతిలో ఎనిమిదో రౌండులో వెల్లకిలా పడినవాణ్ని కాదు. ఇద్దరివీ మంచి రోజులే ఎంచుకుందాం. అలీకి 24 ఏళ్లు, దాదాపు 96 కిలోలు, 6 అడుగుల 3 అంగుళాలు, బార 78 అంగుళాలు. టైసన్‌కు 22 నిండడానికి మూడు రోజులు తక్కువ, 99 కిలోలు, 5 అడుగుల 10 అంగుళాలు, బార 71. చాలామంది గమనించరు గానీ, పొట్టివాడైన టైసనే అలీకన్నా బరువు.

టైసన్ పని ఇలా సాగుతుంది. గ్లవ్స్ రెండూ చెంపలకు ఆనించి, నడుము మీద తల అటూ ఇటూ ఊపుతూ ఎదుటివాడి జాబ్ (ముందు చేత్తో తిన్నగా పొడిచే దెబ్బ) కిందుగా దూరతాడు. దూరగానే కుడి చేత్తో డొక్కలో ఒకటి, అదే చేత్తో గడ్డం కింద అప్పర్‌కట్, ఆ వెంటనే పక్కనుంచి వంపుగా ఎడమ హుక్. ఇదంతా జరగాలంటే అతను ఎదుటివాడి ఛాతీకి అడుగు దూరంలో ఉండాలి. అలీ కాళ్లు ఆ అడుగు దూరాన్ని ఇవ్వవు. ఇవ్వాల్సి వస్తే మెడ వెనక చెయ్యి వేసి కిందికి లాగి పట్టేస్తాడు. 1974 జనవరిలో జో ఫ్రేజియర్‌తో రెండో పోటీలో ఆ పనే చేస్తే రిఫరీ చూస్తూ ఊరుకున్నాడు. మరుసటి ఏడు మనీలాలో కార్లోస్ పడీల్లా ఆ చేతిని కొట్టి విడదీశాడు. అందుకే రిఫరీ సంగతి ముందే రాసుకోమన్నాం.

అలీలో లోపం అందరికీ కనిపించేదే: చేతులు దించుకుని, హుక్ వచ్చినప్పుడు తలను తిన్నగా వెనక్కి లాగేస్తాడు. 1963లో హెన్రీ కూపర్ నాలుగో రౌండులో, 1971లో ఫ్రేజియర్ 15వ రౌండులో ఎడమ హుక్‌తో అతన్ని పడగొట్టింది ఈ అలవాటు వల్లే. టైసన్‌కు ఉన్న మంచి ఆయుధమూ ఎడమ హుక్కే. ఇక టైసన్ లోపం 1990 ఫిబ్రవరి 11న టోక్యోలో బయటపడింది. 83 అంగుళాల బార ఉన్న బస్టర్ డగ్లస్ జాబ్ కొట్టి, కుడి చెయ్యి కలిపి, దగ్గరికి రాగానే పట్టేసి, మళ్లీ దూరం జరిగి పదో రౌండులో ముగించాడు. ఆ రోజు టైసన్ కార్నర్‌లో కంటి వాపు అణచే చల్లటి ఇనుప బిళ్ల కూడా లేదు. రబ్బరు గ్లవ్‌లో ఐసునీళ్లు పోసి అద్దారు. అంతకుముందు అతని పోటీల్లో చివరిదాకా సాగినవి, టిల్లిస్, గ్రీన్, బోన్‌క్రషర్ స్మిత్, టక్కర్‌లతో ఆడినవి చూడండి. నలుగురూ కదిలినవాళ్లో, పట్టేసినవాళ్లో, లేదా రెండూ చేసినవాళ్లు.

కాబట్టి నాలుగు రౌండ్లలోపు ముగుస్తుందని పందెం అయితే టైసన్ వైపు వెళ్లండి. అది దాటితే అలీ. 12 అయినా 15 అయినా మా మాట అదే. డబ్బు పోతే మమ్మల్ని అడక్కండి.

ప్రశ్న: రాకీ మార్సియానో 49 ఆడి 49 గెలిచాడు, అందులో 43 నాకౌట్లు. ఓడనివాణ్ని మించిన గొప్పవాడు ఎలా ఉంటాడు? (కర్నూలు)

జవాబు: 49 అంకె నిజమే, దానికి ఎవరూ వంక పెట్టలేరు. ఆ అంకె లోపలికి తొంగి చూడాలి. 1951 అక్టోబర్‌లో ఎనిమిదో రౌండులో అతను పడగొట్టిన జో లూయిస్‌కు 37 ఏళ్లు. 1952 సెప్టెంబర్ 23న ఎవరి నుంచి టైటిల్ గుంజుకున్నాడో ఆ జెర్సీ జో వాల్‌కాట్‌కు 38. చివరి ప్రత్యర్థి ఆర్చీ మూర్ వయసు ఆయన చెప్పిన లెక్కలోనే నలభైకి దగ్గర. ఈ ముగ్గురూ మహానుభావులే, కానీ ముగ్గురినీ సాయంత్రం పూటే కలిశాడు. వయసులో ఉన్న గట్టి మనిషి అంటే ఎజార్డ్ చార్ల్స్. 1954లో రెండుసార్లు ఆడారు. మొదటిది 15 రౌండ్లూ సాగింది. రెండోదాంట్లో మార్సియానో ముక్కు చీలి, ఇంకో రౌండు గడిస్తే డాక్టర్ ఆపేస్తాడన్న స్థితిలో ఎనిమిదో రౌండు నాకౌట్‌తో బయటపడ్డాడు.

ఇక వాల్‌కాట్ పోటీ. మొదటి రౌండులోనే మార్సియానో పడ్డాడు. 12 రౌండ్లు అయ్యేసరికి మార్కులు వేసే ముగ్గురి కాగితాల్లోనూ వాల్‌కాటే ముందున్నాడు. 13వ రౌండులో తాళ్ల దగ్గర ఒక్క కుడిచేతి దెబ్బ పడింది, అక్కడితో సరి. ఇప్పటి టైటిల్ పోటీలకు 12 రౌండ్లే. ఇప్పటి రూలు అప్పుడుంటే 49–0 అనే అంకే పుట్టేది కాదు. చాంపియన్‌గా ఉన్నప్పుడు జో లూయిస్‌కూ ఇదే గండం తప్పింది. 1941 జూన్ 18న బిల్లీ కాన్ 12 రౌండ్ల తర్వాత రెండు కాగితాల్లో ముందు, మూడోదాంట్లో సమానం. 13వ రౌండులో లూయిస్ నాకౌట్ చేశాడు.

అలాగని 12 దగ్గర గీత గీసి ఫలితం మార్చేయడమూ సరికాదు. 12 అని ముందే తెలిస్తే లూయిస్ ఇంకా తొందరపడేవాడు, మార్సియానో ఇంకా మీదపడేవాడు. కాన్ మాత్రం పాయింట్లలో ముందున్నా నాకౌట్ మీద ఆశపడి 13వ రౌండులో నిలబడి గుద్దులాటకు దిగాడు. 15 రౌండ్లవాడు ఊపిరి దాచుకుంటాడు, 12 రౌండ్లవాడు అంత దాచుకోనక్కర్లేదు. 15ను 12 చేయడానికి కారణం 1982 నవంబర్ 13న లాస్ వెగాస్‌లో లైట్‌వెయిట్ పోటీ. రే మాన్సినీతో 14వ రౌండులో పడిపోయిన కొరియా బాక్సర్ డుక్ కూ కిమ్ కొద్ది రోజులకే చనిపోయాడు. టైటిళ్లిచ్చే సంస్థల్లో ఒకటైన డబ్ల్యూబీసీ వెంటనే 12కు దిగింది, మిగతా సంస్థలు ఆ దశకం ముగిసేలోపు.

మార్సియానో గొప్ప ఎక్కడుందంటే, 85 కిలోల ఒంటితో, 68 అంగుళాలకు మించని బారతో ఇదంతా చేయడంలో. వంగి వంగి దూరి, ముఖం అందకపోతే భుజాలమీద, మోచేతులమీద గుద్దేవాడు. పదో రౌండుకల్లా ఎదుటివాడి చేతులు పైకి లేచేవి కావు. మేం వేసుకున్న గొప్ప హెవీవెయిట్ల పట్టికలో మొదటి పదిలో ఉంటాడు, మొదటి మూడులో ఉండడు.

ప్రశ్న: ఫ్రేజియర్ అలీని ఓడించాడు. ఫోర్‌మన్ ఫ్రేజియర్‌ను చితక్కొట్టాడు. అంటే ఫోర్‌మన్ అలీకన్నా గొప్పవాడనేగా? (ఖమ్మం)

జవాబు: తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. బాక్సింగ్‌లో అయితే ఆ తల తన్నినవాణ్ని మళ్లీ మొదటివాడు తంతాడు. 1973 జనవరి 22న కింగ్‌స్టన్‌లో జార్జ్ ఫోర్‌మన్ ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టాడు. అదే ఏడు మార్చిలో కెన్ నార్టన్ అలీ దవడ విరగ్గొట్టి గెలిచాడు. 1974 మార్చిలో ఫోర్‌మన్ నార్టన్‌ను కూడా రెండు రౌండ్లలోనే ముగించాడు. మీ లెక్క ప్రకారం అలీకి దిక్కే లేదు. 1974 అక్టోబర్ 30న కిన్షాసాలో అలీ ఎనిమిదో రౌండులో ఫోర్‌మన్‌ను నాకౌట్ చేశాడు.

కారణం బలంలో లేదు, నడకలో ఉంది. ఫ్రేజియర్ వంగి ముందుకే వస్తాడు. ఫోర్‌మన్ రెండు చేతులతో భుజాలు తోసి, సరిగ్గా తన అప్పర్‌కట్‌కు అందే దూరంలో నిలబెట్టుకున్నాడు. నార్టన్‌కు వెనక్కి నడిచి ఆడటం రాదు. ఫోర్‌మన్ తరుముకొస్తుంటే వెనక్కి నడవక తప్పదు. అలీతో మాత్రం నార్టన్ ముందుకు నడిచి, జాబ్‌కు జాబే బదులిచ్చి చెడగొట్టేవాడు. అలీ తాళ్లమీద వెనక్కి వాలితే ఫోర్‌మన్ దెబ్బలు చాలావరకు చేతులమీదా, గాలిలోనూ పోయాయి. తల అందాలంటే ఫోర్‌మన్ ముందుకు తూలాలి, తూలినప్పుడల్లా అలీ కుడి చెయ్యి నేరుగా ముఖానికి తగిలింది. ఆ వేడిలో ఐదో రౌండుకే ఫోర్‌మన్ చేతులు బరువెక్కాయి.

అందువల్ల ‘ఎ’ ‘బి’ని కొట్టాడు కాబట్టి అన్న వరస పట్టికల్లో వాడకండి. ఒక బాక్సర్‌కు ఏ రకం ఆట పడదో రాసుకుంటే చాలు.

ప్రశ్న: పాతకాలం చాంపియన్లు ఇప్పటివాళ్ల బరువు ముందు నిలబడగలరా? జాక్ డెంప్సీ టైసన్ ఫ్యూరీకి పలహారం కాడా? (హైదరాబాద్ నుంచి జిమ్‌కు వెళ్లే కుర్రాడు)

జవాబు: ముందు ఒక లెక్క సరిచూసుకోవాలి. 1979 వరకు 79.4 కిలోలు దాటిన ప్రతివాడూ హెవీవెయిటే. ఆ ఏడాది చివర దానికి కిందుగా క్రూజర్‌వెయిట్ అనే విభాగం పెట్టారు. ఇప్పుడు దాని పైగీత 90.7 కిలోలు. ఆ గీతతో చూస్తే డెంప్సీ, టన్నీ, మార్సియానో, చార్ల్స్, ప్యాటర్సన్, వీళ్లంతా 83 నుంచి 87 మధ్య ఉన్నవాళ్లు, నేడు క్రూజర్‌వెయిట్లు. 1938లో ష్మెలింగ్‌ను 124 సెకన్లలో ముగించిన జో లూయిస్ దాదాపు 90, అంటే గీతమీదే. ఇప్పటి తిండితో, బరువుల వ్యాయామంతో వాళ్లకు మరో నాలుగైదు కిలోలు కలపొచ్చు. అంతకుమించి కలిపితే కాళ్ల వేగం పోతుంది, ఆ వేగమే వాళ్ల ఆస్తి.

బరువు ఎక్కడ పనిచేస్తుందంటే క్లించ్‌లో. 120 కిలోల మనిషి పట్టుకున్నప్పుడల్లా మెడమీద ముంజేయి వేసి వాలతాడు. రౌండుకు నాలుగైదుసార్లు ఇలా జరిగితే ఆరో రౌండుకు చిన్నవాడి తొడలు వణుకుతాయి. 2020 ఫిబ్రవరిలో ఫ్యూరీ 124 కిలోలతో వచ్చి డియాంటే వైల్డర్‌ను అలిసిపోయేలా చేసింది ఈ వాలుడుతోనే సగం. రెండోది, ఒకే దెబ్బ చిన్నవాడిమీద చూపే ప్రభావం ఎక్కువ. తప్పు చేస్తే చెల్లించే ధర పెరుగుతుంది.

కానీ బరువొక్కటే తీర్పు కాదనడానికి సాక్ష్యాలు కావలసినన్ని. 1919 జూలై 4న టొలీడోలో 85 కిలోల డెంప్సీ 111 కిలోల జెస్ విలార్డ్‌ను మొదటి రౌండులోనే ఏడుసార్లు పడగొట్టాడు. విలార్డ్ మూడేళ్లుగా టైటిల్ కాపాడుకునే పోటీ ఆడలేదని, పడ్డవాడు లేస్తుంటే పక్కనే నిలబడి కొట్టడానికి అప్పట్లో అడ్డులేదని కూడా చెప్పుకోవాలి. 2009 నవంబర్‌లో డేవిడ్ హే తనకన్నా దాదాపు 45 కిలోలు ఎక్కువున్న ఏడడుగుల నికొలాయ్ వాలుయెవ్‌ను పాయింట్లమీద ఓడించాడు. మంచి పాఠం మాత్రం ఒలెక్సాండర్ ఉసిక్. క్రూజర్‌వెయిట్‌లో నాలుగు సంస్థల బెల్టులూ గెలిచి పైకొచ్చినవాడు. అలీలాగే 6 అడుగుల 3 అంగుళాలు, బార 78. 2024 మే 18న రియాద్‌లో దాదాపు 101 కిలోలతో 119 కిలోల ఫ్యూరీని ఓడించాడు.

అతను చేసిందేమిటో రింగులో దిగేవాడు గమనించాలి. ఎడమచేతి వాటం కాబట్టి ముందుండే కుడి పాదాన్ని ఎప్పుడూ ఫ్యూరీ ఎడమ పాదానికి బయటివైపు పెట్టాడు. మధ్య దూరంలో ఆగలేదు: అయితే బారకు అవతల, లేకపోతే ఛాతీకి ఆనుకుని. బయటికి వచ్చేటప్పుడు తిన్నగా వెనక్కి రాకుండా పక్కకు జరిగాడు. తిన్నగా వెనక్కి వచ్చేవాడికి 85 అంగుళాల బార నుంచి జాబ్ తప్పదు. తొమ్మిదో రౌండులో ఫ్యూరీ తాళ్లమీద తూలితే రిఫరీ లెక్కపెట్టాడు. ఆ నాక్‌డౌన్ పాయింటు లేకుంటే కాగితాలమీద పోటీ డ్రా అయ్యేది. అంత సన్నని తేడా అది.

డెంప్సీ సంగతికి వస్తే, ఫ్యూరీతో 12 రౌండ్లు అంటే కష్టమే. 34 కిలోల తేడాకు, నేటి తటస్థ మూల రూలుకు (పడగొట్టినవాడు దూరంగా ఉన్న మూలకు వెళ్లాలి) కలిపి మేం ఫ్యూరీ వైపే. కానీ పలహారం అనకండి.

ప్రశ్న: పాత సినిమా రీళ్లలో బాక్సర్లు కోతుల్లా గబగబా కదులుతారు, వాళ్లకు ఆట రాదని అనిపిస్తుంది. నిజమేనా? (తెనాలి)

జవాబు: తప్పు రీలుది. మూకీ కాలంలో కెమెరాను చేత్తో తిప్పేవారు, సెకనుకు దాదాపు 16 ఫ్రేములు. వాటిని 24 ఫ్రేముల లెక్కన ఆడిస్తే అంతా ఒకటిన్నర రెట్లు వేగంగా పరుగెడుతుంది. సరిచేసుకోవడం తేలిక. రౌండు మొదలు నుంచి చివరిదాకా వాచీ పెట్టి కొలవండి. మూడు నిమిషాలు రావాలి. రెండు నిమిషాలే వస్తే ఫోన్‌లో వేగాన్ని 0.65కి తగ్గించి మళ్లీ చూడండి. రౌండు మధ్యలో కత్తిరించిన ముక్కలుంటే ఈ కొలత మోసం చేస్తుంది. అప్పుడు రిఫరీ లెక్కను పట్టుకోండి. ఒకటి నుంచి పది దాకా దాదాపు పది సెకన్లు పట్టాలి. అయితే చేతిమీద తిరిగిన కెమెరా ఒక్క వేగంతో తిరగదు, కాబట్టి రౌండు రౌండుకూ సరిచూసుకోవాలి.

వేగం సరయ్యాక రౌండులో ఎన్నిసార్లు పట్టుకున్నారో, ఒక్కో పట్టు ఎన్ని సెకన్లు సాగిందో రాసుకోండి. జాక్ జాన్సన్ పోటీలు ఇలా చూస్తే ఆయన కొట్టడంకన్నా ఎదుటివాడి కండపట్లమీద చెయ్యివేసి దెబ్బ పుట్టకముందే ఆపడం కనిపిస్తుంది. 1910 జూలై 4న రీనోలో పాత చాంపియన్ జెఫ్రీస్‌తో పోటీ 45 రౌండ్లకు కుదిరింది, 15వ రౌండులో ముగిసింది. 45 రౌండ్లకు సిద్ధమైనవాడు మొదటి రౌండులో ఎందుకు గంతులేస్తాడు? మెల్లగా ఆడటం అప్పటి తెలివి.

ప్రశ్న: అలీ–మార్సియానో పోటీని కంప్యూటరే తేల్చిందట కదా? (విజయవాడ)

జవాబు: తేల్చింది, రెండు రకాలుగా. 1967లో మయామీకి చెందిన మర్రీ వొరోనర్ ఎన్‌సీఆర్ 315 కంప్యూటర్‌తో పాత చాంపియన్ల మధ్య రేడియో టోర్నమెంటు నడిపాడు. అందులో అలీ జెఫ్రీస్ చేతిలో ఓడినట్టు, చివరికి మార్సియానో నెగ్గినట్టు వచ్చింది. అలీ పదిలక్షల డాలర్లకు దావా వేశాడు. రాజీలో భాగంగా 1969లో అలీ, మార్సియానో ఒక స్టూడియోలో నిమిషం నిమిషం ముక్కలుగా నటించారు. ముగింపులు అనేకం తీశారు, ఏది వాడతారో ఇద్దరికీ చెప్పలేదు. మార్సియానో ఒళ్లు బాగా తగ్గించుకుని, విగ్గు పెట్టుకుని వచ్చాడు. సినిమా 1970 జనవరి 20న విడుదలైతే అమెరికాలో 13వ రౌండులో మార్సియానో గెలిచాడు, ఇంగ్లండ్‌లో చూపినదాంట్లో అలీ గెలిచాడు. అది చూసే యోగం మార్సియానోకు లేదు. 1969 ఆగస్టు 31న విమాన ప్రమాదంలో పోయాడు.

ఆ యంత్రానికి మేత వేసింది బాక్సింగ్ రచయితలు ఇచ్చిన మార్కులు. మార్కులు వేసినవాడి అభిమానమే తిరిగి ఫలితమై బయటికొచ్చింది. ఈనాటి వీడియో గేములూ అంతే: ‘దవడ గట్టిదనం 92’ అని ఎవరో కూర్చుని రాసిందే.

ప్రశ్న: డెంప్సీ–టన్నీ ‘లాంగ్ కౌంట్’ (రిఫరీ లెక్క సాగిన పోటీ)లో డెంప్సీకి అన్యాయం జరిగిందా? (కరీంనగర్)

జవాబు: లేదు. 1927 సెప్టెంబర్ 22న షికాగోలో ఏడో రౌండులో టన్నీ పడ్డాడు. పడగొట్టినవాడు దూరంగా ఉన్న తటస్థ మూలకు వెళ్లాకే లెక్క మొదలవ్వాలని ముందే ఒప్పుకున్నారు. డెంప్సీ పాత అలవాటుకొద్దీ పక్కనే నిలబడ్డాడు. టన్నీకి మొత్తం 14 సెకన్ల దాకా దొరికాయి, లెక్క ప్రకారం తొమ్మిదికి లేచాడు. రూలు మారితే అలవాటు మార్చుకోవడమూ ఆటలో భాగమే.

ప్రశ్న: టైటిల్ కాపాడుకున్న సంఖ్యను బట్టి గొప్పవాణ్ని తేల్చవచ్చు కదా? (రాజమహేంద్రవరం)

జవాబు: సంఖ్యలు ఇవి: జో లూయిస్ 25, లారీ హోమ్స్ 20, వ్లాదిమిర్ క్లిచ్కో రెండో విడతలో వరసగా 18. కానీ ఒక్కో సంఖ్య ఒక్కో తూకం. లూయిస్ 1937 జూన్ 22 నుంచి 1949 మార్చి 1 దాకా ఒక్కడే చాంపియన్, ఇంకో బెల్టు లేదు. యుద్ధంవల్ల 1942 మార్చి తర్వాత నాలుగేళ్లకు పైగా టైటిల్ పోటీలే లేవు. 1940 డిసెంబర్ నుంచి 1941 జూన్ మధ్య ఏడుసార్లు టైటిల్ పణంగా పెట్టాడు. నేటి చాంపియన్ ఏడు పోటీలకు మూడు నాలుగేళ్లు తీసుకుంటాడు. ఆ ఏడుగురిలో బలహీనులున్నారని పాతకాలం నుంచీ ఎగతాళి ఉంది. కొంత నిజం. కానీ నెలకొకరితో ఆడేవాడికి గాయం మానే వ్యవధి ఉండదు, చివర్లో కాన్ లాంటివాడు తగులుతాడు.

ఇప్పుడు డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీవో అని నాలుగు దుకాణాలు. క్లిచ్కో ఏలినంత కాలమూ ఒక బెల్టు చేతికి రాలేదు, అందులో చాలా ఏళ్లు అది ఇంట్లోనే, అన్న విటాలి నడుముకు ఉంది. ఒకరితో ఒకరు ఆడబోమని తల్లికి మాటిచ్చారు. తల్లి మాట నిలబడింది, కాకపోతే ఆ కాలపు మొదటి ఇద్దరూ తలపడని పట్టికను పూర్తి పట్టిక అనలేం.

ప్రశ్న: 1970లను స్వర్ణయుగం అంటారు. అంతకుమించిన కాలం లేదా? (అనంతపురం)

జవాబు: స్వర్ణయుగమే, కానీ తలుపులు సగం మూసిన యుగం. సోవియట్ యూనియన్ తన బాక్సర్లను ప్రొఫెషనల్ రింగులోకి వదల్లేదు. క్యూబా 1962లోనే ప్రొఫెషనల్ ఆటను నిషేధించింది. 1972, 76, 80 ఒలింపిక్స్‌లో వరసగా మూడు హెవీవెయిట్ స్వర్ణాలు గెలిచిన టియోఫిలో స్టీవెన్‌సన్ ఒక్క ప్రొఫెషనల్ పోటీ కూడా ఆడలేదు. క్లిచ్కోలు, ఉసిక్ వచ్చింది ఆ తలుపు తెరుచుకున్నాకే.

అంతకుముందు కాలంలో మూసిన తలుపు ఇంకా సిగ్గుచేటైనది. 1908లో నల్లజాతివాడైన జాక్ జాన్సన్ గెలిచాక తెల్లవాళ్ల దురహంకారం ఎంత పెరిగిందంటే, 1915లో ఆయన ఓడిన తర్వాత 1937లో లూయిస్ దాకా ఒక్క నల్లజాతి బాక్సర్‌కూ హెవీవెయిట్ టైటిల్ పోటీ దొరకలేదు. డెంప్సీ ఏలుబడి అంతా ఎదురుచూసిన హ్యారీ విల్స్‌కు మొండిచెయ్యే మిగిలింది. జాన్సన్ కూడా చాంపియన్ అయ్యాక తనలాగే నల్లజాతివాడైన శామ్ లాంగ్‌ఫర్డ్‌కు అవకాశమివ్వలేదు. నల్లజాతి బాక్సర్లలో 1913లో పారిస్‌లో జిమ్ జాన్సన్ ఒక్కడితో ఆడాడు. డెంప్సీ పట్టిక చదివేటప్పుడు ఆ ఖాళీ గడిని కూడా చదవాలి.

ప్రశ్న: టైసన్ గుద్దు ఎన్ని కిలోలు? (నిజామాబాద్)

జవాబు: ఒక్కో యంత్రం ఒక్కో అంకె చెబుతుంది. కొలిచే దిండు మెత్తదనం, గ్లవ్ ఔన్సులు, చుట్టిన గుడ్డ మారితే అంకె మారిపోతుంది. పాతవాళ్లు 5, 6 ఔన్సుల గ్లవ్స్‌తో ఆడారు, ఇప్పుడు 10. జో లూయిస్‌నూ టైసన్‌నూ ఒకే యంత్రం ముందు నిలబెట్టలేదు కాబట్టి ఆ అంకెతో ఇద్దర్నీ పోల్చలేం. మీ ఊరి నిఖత్ జరీన్ 2022లో 52 కిలోలు, 2023లో 50 కిలోల విభాగంలో ప్రపంచ చాంపియన్ అయింది కూడా గుద్దు బరువుతో కాదు, దూరం కొలిచే కాళ్లతో.

ప్రశ్న: సొంతంగా పట్టిక వేసుకోవాలంటే ఎలా? మీ మొదటి ఐదుగురెవరు? (బెంగళూరు నుంచి ఒక తెలుగు పాఠకురాలు)

జవాబు: ఒక్కో చాంపియన్‌కు ఒక్కో పేజీ తీయండి. అతని ఐదు మంచి గెలుపులు, రెండు చెడ్డ ఓటములు రాయండి. ఒక్కోదాని పక్కన ప్రత్యర్థి వయసు, బరువు, ఆ ఏడాది ‘ది రింగ్’ పత్రిక ర్యాంకుల్లో అతని స్థానం, ముందు పోటీకీ దీనికీ ఎన్ని నెలల ఎడం, ఇవి చేర్చండి. 35 దాటినవాడిమీద గెలుపు అయితే సగం విలువే ఇవ్వండి, ఫోర్‌మన్ లాంటి మినహాయింపులున్నా సరే. 45 ఏళ్ల వయసులో 1994 నవంబర్ 5న మైకేల్ మూరర్‌ను పదో రౌండులో పడగొట్టి టైటిల్ తిరిగి తెచ్చుకున్నాడాయన. ఓటమి తర్వాత అదే మనిషితో మళ్లీ ఆడి గెలిచాడా అన్నది ఒక గడి. లెనాక్స్ లూయిస్ తన రెండు ఓటములకూ, మెకాల్‌తోనూ రహ్మాన్‌తోనూ, బదులు తీర్చుకున్నాడు. టైసన్ డగ్లస్‌తో మళ్లీ ఆడనే లేదు.

‘పరంపర’, ‘ఏలుబడి’, ‘ఎదురెదురు’ అని మూడు నిలువు వరసలు పెట్టుకుని విడివిడిగా మార్కులు వేయండి. మూడూ కూడితే ఏమీ తేలని ముద్ద అవుతుంది. ఎవరెవర్ని గెలిచాడన్న మొదటి వరసలో మాకు అలీ: లిస్టన్, ప్యాటర్సన్, ఫ్రేజియర్, నార్టన్, ఫోర్‌మన్. ఏలుబడిలో జో లూయిస్, దరిదాపుల్లో ఎవరూ లేరు. ఇప్పటి రూళ్లతో, 12 రౌండ్లు, 10 ఔన్సుల గ్లవ్స్‌తో ఎదురెదురుగా నిలబెడితే లెనాక్స్ లూయిస్: 112 కిలోలు, 84 అంగుళాల బార, జాబ్ వెనక వచ్చే కుడి చెయ్యి. తర్వాత హోమ్స్, ఫోర్‌మన్. ఉసిక్‌ను ఐదులో చేర్చకపోవడం మాలో ఒకరికి నచ్చలేదు, ఆ గొడవ ఇంకా నడుస్తోంది.

ఒక హెచ్చరిక. ‘ది రింగ్’ స్థాపించిన నాట్ ఫ్లీషర్ వేల పోటీలు కళ్లారా చూసిన మనిషి. ఆయన పట్టికలో మొదట జాక్ జాన్సన్, రెండు జెఫ్రీస్, మూడు ఫిట్జ్‌సిమన్స్, ఆరులో జో లూయిస్, పదిలో మార్సియానో. అలీ లేడు. ఆయన చిన్నప్పుడు చూసినవాళ్లంతా పైన ఉన్నారు. మీ పట్టిక పూర్తయ్యాక, మీకు పదిహేను నుంచి పాతికేళ్ల మధ్య ఉన్నప్పుడు టీవీలో కనిపించిన బాక్సర్ల పేర్ల కింద గీత గీసి చూడండి. మొదటి ఐదులో మూడు గీతలు కనిపిస్తే మళ్లీ పెన్సిలు తీయాలి.